ఉబ్బెత్తు అక్షరాలు

నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది అక్కే. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత జరిగింది చెప్పుకుంటూ పోతే కోపంలో దీన్ని ఎక్కడ వదిలేస్తానో అని నా మీద నాకే అనుమానం.

ఆమె సొంత అక్క కాదు. మహారాష్ట్రలోని నాందేడ్‌లో స్టేషన్‌కు కాస్త దూరంలో పెళ్ళి పత్రికలు, షీల్డులు, పేర్ల పలకలు, పెద్ద పెద్ద బోర్డులు చేసే దుకాణం ఒకటుంది. ఇప్పటికీ నేను అందులోనే పనిచేస్తున్నాను. నేను చేరేనాటికి అక్క అక్కడ పాత మనిషి. వాళ్ళ నాన్న రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ధర్మాబాద్ దగ్గరి కర్ఖేలి ఊరి పిల్లని. మాకు భూమి లేదు. అమ్మా నాన్నా ఊళ్ళోవాళ్ళ చేలలో పత్తి ఏరడానికీ సోయా కోయడానికీ పోయేవాళ్ళు. పన్నెండో తరగతి అయ్యాక ధర్మాబాద్‌లో టైపింగ్ మాత్రమే నేర్పే మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఒక రోజు పొద్దుటి పాసింజర్ ఎక్కి వచ్చి ఆ దుకాణంలో పని అడిగాను.

మాలక్, అంటే దుకాణం యజమాని, మరాఠీ ఆయన. తెలుగు వస్తుందా అని అడిగాడు. వస్తుందన్నాను. అది సగం అబద్ధం. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ నా చదువంతా మరాఠీలో. తెలుగు అక్షరం ఒక్కటీ రాయడం రాదు. నాందేడ్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా పత్రికల కోసం వస్తారు, అందుకే ఆయనకు తెలుగు చదివే మనిషి ఇంకొకరు కావాలి. మరుసటి రోజే ఒక తెలుగు పత్రికలో తప్పులు చూడమని నా ముందు పెట్టాడు. నేను కాగితం పట్టుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలోంచి అక్క నా మొహం చూసింది, కాగితం మెల్లగా తన వైపు లాక్కుంది, తప్పులు దిద్ది మళ్ళీ నా ముందుకు తోసింది. మాలక్‌కు ఏమీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే నాకు తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. పలకా బలపం లేదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాన్ని పెద్దగా వేసి, దాని మీద పెన్ టూల్‌తో గీయమనేది. బిందువు పెట్టడం, గీత లాగడం, వంపు తిప్పడం. అట్లా సాఫ్ట్‌వేరూ అక్షరాలూ రెండూ ఒకేసారి వచ్చాయి. మొదటి రోజు నా చెయ్యి బిగుసుకుపోయి మౌస్ కదలకపోతే, నా చేతి మీద తన చెయ్యి వేసింది.

"గంత గట్టిగ పట్టకు పిల్లా. గుడ్డు పట్టుకున్నట్టు పట్టు" అన్నది.

అన్నం తినేటప్పుడు నా డబ్బాలోని జొన్న రొట్టె సగం తాను తీసుకుని, తన పప్పన్నం సగం నాకు పెట్టేది. నేను మొదట చదవగలిగిన మాటల్లో రొట్టె ఒకటి. ఆ మాటను నేనే అడిగి రాయించుకున్నాను.

రెండు మూడేళ్ళు గడిచాయి. నేను ఊరికి రోజూ పోయి రావడం మానేసి నాందేడ్‌లోనే ఒక గది తీసుకున్నాను. అక్కకు పెళ్ళి సంబంధాలు వచ్చి పోతుండేవి. ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. మేమిద్దరం పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని పొద్దంతా పనిచేసేవాళ్ళం.

అప్పుడు ఒక గొడవ జరిగింది. బిలోలి వైపు నుంచి ఒక పెద్దాయన, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు, కూతురి పెళ్ళికి మంటపం ముందు కట్టే బోర్డు చేయించుకున్నాడు. పేర్లు బంగారు రంగులో, పోత పోసినట్టు, పైకి లేచినట్టు కనిపించాలన్నాడు. ఎంబాస్ అంటారు దాన్ని. సాఫ్ట్‌వేర్‌లో దానికి తయారుగా ఒక ఎఫెక్ట్ ఉంటుంది. నొక్కితే అక్షరం ఉబ్బుతుంది. అక్క అదే వాడింది. స్క్రీన్ మీద చక్కగానే ఉంది. కానీ ఆ ఎఫెక్ట్ అక్షరాన్ని గీతగా ఉండనివ్వదు, చుక్కల బొమ్మగా మార్చేస్తుంది. చిన్న పత్రిక మీద అది తెలియదు. పది అడుగుల బోర్డు మీదికి సాగదీసేసరికి అంచులన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోయాయి. నీడ చుట్టూ తెల్లటి డబ్బా కూడా పడింది.

పెద్దాయన బోర్డు మీద చెయ్యి పెట్టి అక్షరాల వెంట నడిపించాడు. కోపంగా ఏమీ అనలేదు. "అక్షరాలకు రంపం పండ్లు మొలిచినయి కదమ్మా" అన్నాడు.

మాలక్ మాత్రం అందరి ముందూ అక్కను కేకలేశాడు. పదేళ్ళ నుంచి ఉన్నదానివి, ఇంత మాత్రం తెలియదా అన్నాడు. ఆ బోర్డును ఉబ్బు లేకుండా మళ్ళీ వేసి ఇచ్చాం. అక్క ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. ఆమె కళ్ళు ఎర్రబడి ఉండటం చూశాక నేనూ నా డబ్బా మూసి పెట్టాను. దీనికి ఏదో ఒక దారి ఉండే ఉంటుందనుకున్నాను. నేను ఆ పనికి దిగింది అక్క కోసం. ఇది కూడా చెప్పి తీరాలి.

ఆషాఢం వచ్చింది. ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి దుకాణంలో పని తగ్గుతుంది. అక్క వాళ్ళ అమ్మకు బాగాలేదని కొన్నాళ్ళు సెలవు పెట్టింది. నేను మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చుని ఎఫెక్ట్ ఏదీ వాడకుండా, వట్టి ఆకారాలతోనే అక్షరాన్ని ఉబ్బించడానికి ప్రయత్నించాను. ఆకారం గీతగానే ఉంటే ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. అది నాకు తెలుసు. తెలియనిది వెలుగు ఎక్కడ పెట్టాలో, నీడ ఎక్కడ పెట్టాలో.

రొట్టె అని రాసుకున్నాను. నా చేతికి బాగా అలవాటైన మాట అది. మంచి తెలుగు ఫాంటు లేక అక్షరాలను పెన్ టూల్‌తో నేనే గీశాను. వెలుగు పై నుంచి, ఎడమ వైపు నుంచి వస్తుందనుకుని పై అంచున, ఎడమ అంచున లేత రంగు గీతలు పెట్టాను. కింద, కుడివైపున ముదురు గీతలు పెట్టాను. బయటి అంచులు బాగానే లేచాయి. కానీ 'ర' లోపలి గుండ్రం దగ్గరికి వచ్చేసరికి అక్షరం అక్కడ గుంట పడినట్టు కనిపించేది. బయట పొంగి లోపల కుంగి, చూస్తే కళ్ళు తిరిగేవి. నాలుగైదు రోజులు అదే తప్పు చేశాను. రంగులు మార్చాను, గీతల మందం మార్చాను. తప్పు రంగులో లేదని నాకు తోచలేదు.

దుకాణం ఎదురుగా కూరగాయలు అమ్మే ఒక ముసలామె కూర్చునేది. ఒక రోజు వాన వెలిశాక మెంతికూర కొనడానికి పోయి, తక్కెడలో ఉన్న తూకపు రాయిని చూశాను. ఇనుప రాయి. దాని మీద కిలో అని మరాఠీ అక్షరాలు ఉబ్బెత్తుగా పోత పోసి ఉన్నాయి. జర ఇస్తావా మావుశీ, ఇప్పుడే తెచ్చి ఇస్తానన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఇచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి చూశాను. 'క' లోపలి గుండ్రంలో వెలుగు పై అంచున లేదు. కింది అంచున, కుడివైపున ఉంది. పై అంచు నీడలో ఉంది. రాయిని తిప్పి తిప్పి చూశాను. ఎటు తిప్పినా అంతే. గుండ్రం లోపల అక్షరపు గోడ ఎదురు వైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి వెలుగు అక్కడ ఎదురు అంచునే పడుతుంది. ఇంత చిన్న సంగతికి అన్ని రోజులు పట్టిందా అని నవ్వొచ్చింది.

ఆ తర్వాత పని తేలికైంది. చేత్తో గీతలు పెట్టడం మానేశాను. అక్షరానికి ఒక నకలు తీసి, వెంట్రుకవాసి కిందికీ కుడికీ జరిపి, మొదటి అక్షరంలోంచి ఆ నకలు మేరకు కోసేస్తే పై అంచునా ఎడమ అంచునా నెలవంకల్లాంటి సన్నని ముక్కలు మిగులుతాయి. అవి వెలుగు. ఇంకో నకలును పైకీ ఎడమకీ జరిపి కోస్తే కిందా కుడివైపునా ముక్కలు మిగులుతాయి. అవి నీడ. గుండ్రాల లోపల ఏ ముక్క ఎక్కడ ఉండాలో అక్కడే వచ్చి కూర్చుంటుంది. మరాఠీ అక్షరానికి నిలువు గీతలు, అడ్డ గీతలు ఎక్కువ కాబట్టి ఒకసారి జరిపితే చాలు. తెలుగు అక్షరానికి ఒంటి నిండా వంపులే. అందుకని కొద్దికొద్దిగా ఐదారుసార్లు జరిపి, ఒక్కో ముక్కకు రంగును ఒక్కో పిసరు మార్చాను. అప్పుడు 'ర' బొద్దుగా, మెత్తగా, అప్పుడే పెనం మీంచి తీసినట్టు లేచి నిలబడింది.

అక్క సెలవు నుంచి రాగానే ఏమీ చెప్పకుండా ఆ ఫైలు తెరిచి చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. స్క్రీన్ మొత్తం 'ట' ఒత్తు అంచు ఒక్కటే నిండేదాకా పోయింది. ఎక్కడా ఒక్క మెట్టు లేదు.

"ఎవరు చెప్పిన్రే నీకు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదన్నాను. కూరగాయల ముసలామె తూకపు రాయి సంగతి చెప్పాను. నాలుగైదు రోజులు గుండ్రంలో వెలుగు తప్పు వైపు పెట్టి ఏడ్చినంత పనైందని కూడా చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె నవ్వు ఆపి నా వైపు చూసింది.

"నాందేడ్‌ల ఎవ్వరికి రాదే ఇది" అన్నది.

ఆ మాట నాలో ఎన్నో రోజులు ఉండిపోయింది. నాకు నేర్పిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట. వారం రోజుల్లో ఆమెకు మొత్తం నేర్పాను. మొదటిసారి నా చెయ్యి ఆమె చేతి మీద పెట్టి, ఇంతే జరపాలి అక్కా, ఎక్కువ వద్దు అని చూపించాను. ఆమె నేర్చుకుంది, బాగా చేసింది కూడా. మా బోర్డులకు పేరు వచ్చింది. లాతూరు నుంచి, హింగోలి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. మాలక్ అక్కను మెచ్చుకుంటే అక్క నా వైపు వేలు చూపించేది. అప్పట్లో ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. ఇప్పుడు ఎంత వెతికినా నాకు దొరకదు.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీలో డిజైన్ డిప్లొమా మొదలైంది. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి పనిచేసి చేయి తిరిగిన మనిషి కావాలన్నారు. అక్క దరఖాస్తు పెట్టింది. పిలుపు వచ్చాక, అక్కడ చూపించడానికి తన దగ్గర ఉన్నవన్నీ పాత పత్రికలేనని దిగులుపడింది.

"నీ ఎంబాస్ ఫైళ్ళు ఇస్తవా జర? చూపెట్టి తెస్త. మా చెల్లె చేసిందని చెప్త" అన్నది.

అడగాల్సిన పని కూడా లేదు. నేనే పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. రొట్టె ఫైలును ఏ అడుగు తర్వాత ఏ అడుగో కనిపించేలా విడివిడిగా పేజీల్లో పెట్టి ఇచ్చాను. చూసేవాళ్ళకు తేలికగా అర్థం కావాలని. ఆమెకు ఉద్యోగం వచ్చింది. నాకు ఆకుపచ్చ డ్రెస్ గుడ్డ తెచ్చి ఇచ్చి, దుకాణం గడప దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా చెల్లె చేసిందని చెప్పావా అని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మొదట్లో ఆదివారాలు కలిసేవాళ్ళం. తర్వాత ఆమెకు పెళ్ళయింది. తీరిక లేదనేది. ఫోన్లు తగ్గాయి. నేనేమీ తప్పు పట్టలేదు. పెళ్ళయినవాళ్ళకు ఉండే పనులు ఉంటాయి కదా అనుకున్నాను. మాలక్ ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. దుకాణంలో రంగుల ప్రింట్లు తీసే మిషన్ పెట్టాం.

ఒక రోజు ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. మరాఠీ పిల్ల. పెన్ డ్రైవ్ ఇచ్చి, అందులోని నోట్సు రంగుల్లో ప్రింటు తీసి, తీగతో కట్టి ఇమ్మంది. నోట్సు మరాఠీలో ఉంది. పేజీలు సరిగ్గా వస్తాయా లేదా అని చూడటానికి స్క్రీన్ మీద ఒక్కొక్కటే తిప్పుతున్నాను. మధ్యలో ఒక పేజీ నిండా తెలుగులో రొట్టె అని ఉంది.

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఆ అమ్మాయి స్క్రీన్ వైపు వంగి, "తాయీ, హే కాయ్ లిహిలంయ్?" అని అడిగింది. ఇక్కడ ఏం రాసి ఉందని.

భాకరీ అన్నాను, రొట్టెకు మరాఠీ మాట అదే. ఆమె నవ్వింది. ఇన్నాళ్ళూ అదేదో దేవుడి మాట అనుకున్నామంది.

ఆమెను పది నిమిషాలు కూర్చోమని చెప్పి ఆ పేజీని మా సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఆకారాలు ఆకారాలుగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుని పక్కకు జరిపి చూశాను. 'ర' కడుపు దగ్గర ఒక బిందువు ఉంది. అది అక్కడ అవసరం లేదు. కొత్తలో నాకు వంపు ఒకేసారి లాగడం చేతకాక మధ్యలో ఒక బిందువు ఎక్కువ పెట్టేదాన్ని. అక్క ఎప్పుడూ అట్లా పెట్టదు. అది నా చెయ్యి. పేజీ పైన, రచయిత్రి స్వయంగా కనిపెట్టిన పద్ధతి అని మరాఠీలో రాసి ఉంది. అట్ట మీద అక్క పేరు ఉంది.

అప్పటికి కూడా నాకు కోపం రాలేదు. నోట్సు అన్నాక పేర్లన్నీ రాయరు, కాలేజీ వాళ్ళు అట్లా రాయమని ఉంటారు అని మనసులో ఆమె తరఫున నేనే మాట్లాడుకున్నాను. ఈ పద్ధతి మీ మేడం ఎట్లా కనిపెట్టారో చెప్పారా అని మాత్రం మామూలుగా అడిగాను.

ఆ పిల్ల హుషారుగా చెప్పింది. మేడం ఇంతకు ముందు ఒక దుకాణంలో పనిచేసేవారట. అక్కడ పల్లెటూరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేదట. ఎంత చెప్పినా ఆమె బుర్రకు ఎక్కేది కాదట. రోజుల తరబడి అక్షరం గుండ్రంలో వెలుగును తప్పు వైపే పెట్టేదట. ఆమెకు ఎట్లా చెప్తే తలకెక్కుతుందా అని ఆలోచించి ఆలోచించి, చివరికి ఒక తూకపు రాయిని తెచ్చి ఆమె ముందు పెట్టారట మేడం. అట్లా చెప్తూ చెప్తూ ఉండగా ఈ పద్ధతి దొరికిందట. మేడం ఆ అమ్మాయి రాయి వైపు చూసిన చూపును చేసి చూపిస్తే క్లాసంతా పడి పడి నవ్వుతుందట. ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఈ కథ చెప్తారట.

నేను ప్రింట్లు తీసి, తీగ ఎక్కించి, ఆమె చేతికి ఇచ్చాను. బాగా చదువుకో అన్నాను. ఆ అమ్మాయి వెళ్ళాక వెనక గదిలోకి పోయి కాగితపు కట్టల మీద కూర్చున్నాను. పద్ధతి పోయిందని కాదు. అది నాతో ఎటూ ఉంది. కానీ నేను నవ్వుతూ, నమ్మి చెప్పుకున్న నా తప్పును ఆమె దాచుకుంది. రాయిని నా చేతిలోంచి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది, తప్పును మాత్రం నాకు వదిలింది. నన్ను ఎన్నడూ చూడని పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి పోయాను. పెళ్ళయ్యాక కూడా వాళ్ళు ఆమె నాన్న ఇంటి పై అంతస్తులోనే ఉంటున్నారు. కింద గదిలో ఆయన మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. రిటైరై చాలా కాలమైంది, చూపు తగ్గింది. గొంతు పట్టి గుర్తుపట్టాడు. ఇన్ని రోజులు ఏడ పోయినవ్ బిడ్డా అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా అమ్మా నాన్నల గురించి అడిగాడు. అక్కను పిలవమని గడప దగ్గర ఆడుకుంటున్న పక్కింటి పిల్లను పైకి పంపాడు. తర్వాత తానే ఏదో గుర్తొచ్చినట్టు మొదలుపెట్టాడు.

"నువ్వు ఆ అక్షరాలు ఉబ్బిచ్చిన పొద్దు మా బిడ్డ ఇంటికచ్చి ఒకటే చెప్పుడు. కర్ఖేలి పిల్ల కూరగాయల ముసల్దాని తూకం బాటు తెచ్చి చూసి కనిపెట్టింది నాయినా, నాకు గిన్నేండ్లల్ల తోచలే అన్నది. ఆ దినం అన్నం తింటాంటె గూడ గదే ముచ్చట."

నేను తల ఎత్తేసరికి అక్క మెట్ల మీద, చివరి మెట్టు దగ్గర నిలబడి ఉంది. విన్నది. నాన్నకు మందు వేళైందని ఏదో చెప్పి నన్ను పైకి తీసుకుపోయింది.

పైన చాయ్ పెట్టబోయింది. వద్దన్నాను. నోట్సు నా దగ్గరికే ప్రింటుకు వచ్చిందని చెప్పాను. ఆమె కాసేపు కిటికీ పరదా సరిచేసింది. ఆ కాలేజీలో అందరూ పుణె నుంచి, ఔరంగాబాద్ నుంచి పెద్ద డిగ్రీలు చేసి వచ్చినవాళ్ళని, నువ్వేం కనిపెట్టావ్, నువ్వేం రాశావ్ అని అడుగుతారని, తన దగ్గర చూపడానికి ఏమీ లేకపోయిందని చెప్పింది. ఆ రోజు ఇంటర్వ్యూలో చెల్లె చేసిందని చెప్పబోతే, నీ పని చూపెట్టు అన్నారట. అప్పుడు నోట్లోంచి నాదే అని వచ్చేసిందట. ఒకసారి వచ్చాక వెనక్కి తీసుకోవడం ఎట్లానో తెలియలేదట.

"నీది నాది అని నేనెన్నడు అనుకోలే. నీకు అక్షరాలు దిద్దిచ్చింది నేను కాదా?" అన్నది.

"నువ్వే అక్కా. తీసుకున్నవ్, తీసుకో. నువ్వు అడిగితె ఇంకో పది ఇద్దును. నన్ను మొద్దుదాన్ని ఎందుకు చేసినవ్?"

ఆ కథ కూడా నా దాకా వచ్చిందని ఆమెకు తెలియదు. మంచం అంచున కూర్చుంది. నా వైపు చూడకుండా చెప్పింది.

"మొదటి దినం క్లాసుల పిల్లలు నా మాట ఇనలే. నాకు చెమటలు పట్టినయ్. అప్పుడు ఏదో నోటికచ్చింది చెప్పిన. నవ్విన్రు. నవ్వినంక ఇన్నరు. ఇగ మల్ల మల్ల అదే చెప్పిన."

నేను ఊహించుకుని పోయిన జవాబుల్లో ఇది లేదు. అసూయ అంటుందనుకున్నాను, అవసరం అంటుందనుకున్నాను. పిల్లలు నవ్వారట. నేను లేచాను. మెట్ల మీద ఆమె నా చెయ్యి పట్టుకుని, నోట్సు మళ్ళీ అచ్చు వేసేటప్పుడు నీ పేరు రాయిస్తానన్నది. నీ మీద ఒట్టు అన్నది. నేను చెయ్యి విడిపించుకుని దిగాను. కింద వాళ్ళ నాన్న, అప్పుడే పోతున్నవా బిడ్డా, తిని పో అన్నాడు. ఆయన మాట కాదనలేక కాసేపు కూర్చున్నాను. అన్నం వడ్డించింది అక్కే.

ఊరికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను. ఆమెకు కంప్యూటర్ సంగతి తెలియదు. ఒక చేను గట్టును రాత్రికి రాత్రి జరిపిన కథ విన్నట్టు విన్నది. చివరికి, "నీ చేతులైతె నీ తాననే ఉన్నయి కద బిడ్డా" అన్నది. ఓదార్పుగానే అన్నది. కానీ నాకు ఎక్కడ తగిలిందో ఆమెకు చెప్పలేకపోయాను. నేను అమ్మ తర్వాత అంత నమ్మింది అక్కనే, తగిలింది అక్కడ. మాలక్‌కు చెప్తే మాత్రం, ఎవరికి ఫిర్యాదు చేస్తావ్, ఆకారాల మీద నీ పేరు చెక్కి ఉందా అని తన పనిలో పడ్డాడు. ఆయన అన్నది నిజమే. అందుకే ఇంకా మండింది.

మరుసటి ఏడాది అదే కాలేజీ నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది, అదే నోట్సు కొత్త అచ్చు పెన్ డ్రైవ్‌లో పట్టుకుని, ప్రింటు కోసం. నేను ఆ పేజీ దాకా గబగబా తిప్పాను. రొట్టె లేదు. దాని చోట మరాఠీలో వేరే మాట ఉంది, అక్క స్వయంగా గీసింది. సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే వంపులు శుభ్రంగా, అనవసరమైన బిందువు ఒక్కటీ లేకుండా ఉన్నాయి. స్వయంగా కనిపెట్టిన అన్న మాట తీసేశారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. నా పేరు ఎక్కడా లేదు. మీ మేడం ఈ పద్ధతి గురించి ఏదైనా కథ చెప్పారా అని ఆ అమ్మాయిని అడిగాను. లేదు, మామూలుగా చెప్పారంది.

దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా మీద నవ్వడం ఆపేశారు. నేను ఉన్నానన్న సంగతి కూడా దాంతోనే పోయింది.

ఇప్పుడు పండగలకు ఆమె ఫోన్ చేస్తుంది. ఎత్తుతాను. వాళ్ళ నాన్న ఎట్లా ఉన్నాడని అడుగుతాను. ఆయనకు మందులు కావాలంటే ఒకటి రెండుసార్లు నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆమె నా పెళ్ళి గురించి అడుగుతుంది, నేను ఏదో చెప్తాను. మేం కలిసి తిన్న రోజుల గురించి ఇద్దరం మాట్లాడం.

మొన్నొకసారి ఫోన్ చేసి, గొంతు తగ్గించి ఒక సంగతి అడిగింది. కాలేజీలో ఎవరో ఉర్దూ అక్షరాలతో ఉబ్బెత్తు పని అడిగారట. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే చోట్ల నకలు జరిపి కోస్తే ముక్కలు చీలిపోతున్నాయట. తనకు ఎంత చేసినా రావడం లేదట.

"నువ్వెట్ల చేస్తున్నవే?" అని అడిగింది.

మా దుకాణానికి ఉర్దూ పత్రికలు వారానికి రెండు మూడు వస్తాయి. ఆ చిక్కును నేను పోయిన వానాకాలంలోనే విప్పాను. కలిసే చోట అక్షరాలన్నిటినీ ముందు ఒకే ఆకారంగా కరిగించి, ఆ తర్వాత నకలు తీయాలి. ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

"నాకు తెల్వదక్కా" అన్నాను.

ఆమె వెంటనే ఫోన్ పెట్టలేదు. నాకు తెలుసని ఆమెకు తెలుసు. సరే మరి అని, నాయిన నిన్ను అడుగుతున్నాడని చెప్పి పెట్టేసింది. నేను ముందున్న ఉర్దూ పత్రిక ఫైలును మూసి, మళ్ళీ తెరిచాను. ఆ రోజంతా పని మీద చెయ్యి నిలవలేదు. ఆమెకు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.